ఆడవారికీ ఒక వ్యాయామశాల

యంత్రాల కంటే తోడే ముఖ్యం * పల్లెల్లోనూ సాధ్యమే

శ్రీకాకుళం: వ్యాయామశాల అనగానే మన జిల్లాలో పెద్దవారికి తాలింఖానా గుర్తుకొస్తుంది. ఊరి చివర పాక, మెత్తని మట్టితో గోదా, మూలన రాతిగుండ్లు, సాము కర్రలు. వీరఘట్టంలో పుట్టి దేశవిదేశాల్లో బలప్రదర్శనలు చేసిన కోడి రామమూర్తి నాయుడు కథలు ఇప్పటికీ రచ్చబండల దగ్గర చెప్పుకుంటారు. అయితే ఆ గోదా మగవారిది. ఆడవారికి వేరే సాము ఎందుకు? రోకలి ఉంది, తిరగలి ఉంది, నూతిలో చేద ఉంది. అదే చాలునని అనుకున్నారు.

ఇప్పుడు రోకలి అటకెక్కింది. తిరగలి గోడవారకు చేరింది. బియ్యం మిల్లు నుంచి వస్తున్నాయి, పిండి మిక్సీ రుబ్బుతోంది, నీళ్ళు కుళాయిలో పడుతున్నాయి. ఆడవారికి పని తగ్గిందని కాదు, పని తీరు మారింది. పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు తొక్క తీసే మహిళలు గంటల తరబడి కూర్చునే ఉంటారు. పొందూరులో నూలు వడికేవారూ అంతే. కుట్టుమిషను, దుకాణం, ఆఫీసు ఏదైనా కూర్చుని చేసే పనే. నడుము నొప్పి, మోకాళ్ళ నొప్పి, సుగరు, బి.పి. అనే మాటలు వినిపించని ఇల్లు ఇవాళ అరుదు.

ఇలాంటి సమయంలో పట్టణాల్లో ఆడవారి కోసమే జిమ్ములు వెలుస్తున్నాయి. ఇక్కడ ఎవరికి వారు బరువులెత్తుకుని వెళ్ళిపోరు. పాతిక ముప్ఫై మంది వరసల్లో నిలబడి, శిక్షకురాలు చెప్పినట్టు పాటకు అనుగుణంగా కలిసి వ్యాయామం చేస్తారు. ఈ పద్ధతి ఎలా ఉంటుందో, పల్లెటూరి ఆడవారికి ఇందులో పనికొచ్చేదేమైనా ఉందో లేదో తెలుసుకుందామని జిల్లా కేంద్రంలోని అలాంటి ఒక జిమ్ముకు రెండు వారాలపాటు వెళ్ళాను. ఏ జిమ్ముకూ ప్రచారం చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు కనుక పేరు అవసరం లేదు.

లోపల ఏముంది?

మేడమీద ఒక పెద్ద హాలు. తలుపుకు మందపాటి తెర. ఒక గోడకు నిలువుటద్దాలు. గోడవారగా చుట్టిపెట్టిన రబ్బరు చాపలు, కిలో, రెండు కిలోల డంబెల్స్, సాగే రబ్బరు పట్టీలు, పాటలు పెట్టడానికి స్పీకరు. నడిచే యంత్రం ఒకటి, సైకిళ్ళు రెండు మూలన ఉన్నాయి గానీ వాటి దగ్గర ఎప్పుడూ రద్దీ కనిపించలేదు. సెల్‌ఫోన్లు అరలో పెట్టి లోపలికి రావాలని గుమ్మం దగ్గరే రాసి ఉంది. ఎవరైనా ఫొటో తీస్తారేమోనన్న భయం లేకపోతేనే ఆడవారు నిశ్చింతగా చేతులు చాపగలరు. చిన్న విషయంలా కనిపించినా చాలామంది గడప దాటి లోపలికి రావడానికి ఈ నియమమే కారణం.

ఉదయం ఆరు గంటలకు ఉద్యోగినులు వస్తారు. సాయంత్రం అయిదున్నరకు కాలేజీ అమ్మాయిలు వస్తారు. ఎక్కువ మంది కనిపించేది పదిన్నర బ్యాచ్‌లో. పిల్లలు బడికి, మగవారు పనికి వెళ్ళాక, వంట దించాక దొరికే వేళ అది. నేను చేరింది ఆ బ్యాచ్‌లోనే. ఇరవై రెండేళ్ళ కొత్త కోడలి నుంచి అరవై దాటిన అమ్మమ్మ వరకు ఉన్నారు. చీరలో వచ్చి పక్కగదిలో చుడీదారు మార్చుకునేవారే సగం మంది. చుట్టుపక్కల పల్లెల నుంచి బస్సెక్కి వచ్చేవారూ ఇద్దరున్నారు. రాష్ట్రంలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవారికి పల్లెవెలుగు బస్సుల్లో టికెట్టు లేకుండా ప్రయాణం మొదలయ్యాక తమకు ఛార్జీల బాధ తప్పిందనీ, ఇంట్లో గంటన్నర సమయం అడిగి తెచ్చుకోవడమే కష్టమనీ వారు చెప్పారు.

గంట ఎలా గడుస్తుంది?

మొదటి పది నిమిషాలు ఒళ్ళు వేడెక్కడానికి. నిలబడిన చోటే నడక, భుజాలు తిప్పడం, నడుము అటూ ఇటూ వంచడం. తర్వాత ఇరవై అయిదు నిమిషాలు పాటతో అడుగులు. ముందుకు రెండు, వెనక్కి రెండు, పక్కకు నాలుగు, చప్పట్లు. మొదటి రోజు అందరూ కుడికి వెళ్తే కొత్తవారు ఎడమకు వెళ్తారు. ఎవరూ నవ్వరు, నవ్వినా అందరూ కలిసే నవ్వుతారు. వెనక వరసలోని పెద్దావిడ, "కాళ్ళు చూడకమ్మా, ముందున్నామె వీపు చూడు. అదే వచ్చేస్తాది" అని నాకు చెప్పారు. మూడో రోజుకు నిజంగానే వచ్చింది.

ఎంత జోరుగా చేయాలన్నదానికి శిక్షకురాలు ఒక తేలిక గుర్తు చెప్పారు. చేస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. పాట పాడగలిగితే జోరు చాలదన్నమాట. రెండు మాటలు కూడా మాట్లాడలేకపోతే జోరు ఎక్కువైందని అర్థం. ఈ గుర్తును వైద్యులూ ఒప్పుకుంటారు. దీనికి గడియారం, యంత్రం అక్కరలేదు.

ఆ తర్వాత పావుగంట కండరాలకు పని. బస్కీలు, గోడకు చేతులానించి దండీలు, చేతుల్లో చిన్న బరువులు పట్టుకుని పైకెత్తడం, బడిలో పంతులుగారు శిక్షగా వేయించిన గోడకుర్చీ. ఆ గోడకుర్చీ తొడలకు ఎంత మేలు చేస్తుందో అప్పుడెవరూ చెప్పలేదు! చివరి పది నిమిషాలు చాపల మీద కాళ్ళూ చేతులూ సాగదీయడం, నెమ్మదిగా ఊపిరి పీల్చి వదలడం. మొదటి రోజు కంటే మర్నాడు, ఆ మర్నాడు తొడలు ఎక్కువ నొప్పి పుడతాయి. అలవాటు లేని పని చేసిన కండరాలకు ఇది సహజమే, మూడు నాలుగు రోజుల్లో తగ్గుతుంది. కీళ్ళలో పొడిచినట్టు నొప్పి వస్తే మాత్రం ఆపేయాలి.

ఎక్కడ పుట్టింది?

కలిసి పాటకు వ్యాయామం చేసే ఈ పద్ధతి అమెరికాలో పెరిగింది. అక్కడి వైమానిక దళంలో వైద్యుడైన కెన్నెత్ కూపర్ 1968లో గుండెకు, ఊపిరితిత్తులకు బలమిచ్చే వ్యాయామాల గురించి పుస్తకం రాసి, దానికి 'ఏరోబిక్స్' అని పేరు పెట్టాడు. మరుసటి ఏడాది జాకీ సోరెన్సెన్ అనే నాట్యకారిణి వైమానిక స్థావరంలోని సైనికుల భార్యలకు ఆ వ్యాయామాన్ని నాట్యంతో కలిపి నేర్పింది. 1982లో సినీనటి జేన్ ఫోండా వీడియో క్యాసెట్ విడుదల చేయడంతో అది ఇంటింటికీ చేరింది. ఇప్పుడు ప్రతి జిమ్ములో వినిపించే 'జుంబా' దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశానిది. బెటో పెరెజ్ అనే శిక్షకుడు 1990వ దశకంలో ఒకరోజు క్లాసుకు మామూలు పాటల క్యాసెట్ తేవడం మరచిపోయి, తన దగ్గరున్న నాట్యపు పాటలనే పెట్టి చేయించాడు. అందరికీ నచ్చడంతో అదే ఒక పద్ధతిగా నిలిచిపోయింది. ఇక్కడ మాత్రం ఎక్కువగా మోగేవి తెలుగు సినిమా పాటలే.

ఆలోచిస్తే మనకిది పూర్తిగా కొత్త కాదు. గుడి ముందు గంటసేపు కోలాటం వేసే ఆడవారు చేసేదీ ఇదే. తాళానికి అడుగు, చేతికి కోల, పక్కవారితో లయ. కోలాటం బృందం ఉన్న ఊళ్ళో సగం జిమ్ము ఉన్నట్టే. లోపించిందల్లా కండరాలకు బలమిచ్చే రెండో సగమే.

పొలం పని చేసేవారికి ఎందుకు?

"తెల్లారి లేచింది మొదలు పొద్దుగుంకే వరకు ఒళ్ళు వంచుతాం, మాకు మళ్ళీ వ్యాయామం ఏటి?" అన్న ప్రశ్న పల్లెల్లో ఎవరైనా అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చెమటోడ్చి చేసే పొలం పని గుండెకు మంచిదే. అయితే పనికీ వ్యాయామానికీ తేడా ఉంది. ఊడ్పుల్లో రోజంతా నడుము ఒకేవైపు వంగి ఉంటుంది. వెనక్కి వంచేది ఎప్పుడు? నెత్తిమీద మోపు మెడను నొక్కుతుంది. ఆ మెడకు సడలింపు ఎప్పుడు? పని కొన్ని కండరాలను అరగదీస్తుంది, మరి కొన్నింటిని ముట్టుకోదు. వ్యాయామం అన్నిటినీ సమంగా కదిలిస్తుంది, అలసినప్పుడు ఆగనిస్తుంది. పైగా పొలం పని ఏడాది పొడవునా ఉండదు. ఊడ్పులు, కోతలు అయ్యాక నెలల తరబడి ఒంటికి ఆ శ్రమ ఉండదు.

వయసు సంగతి కూడా చూడాలి. నడివయసు నుంచి ఏటా కొంచెం కొంచెంగా కండ తరుగుతుంది. ముట్లుడిగిన తర్వాత ఎముకల్లో బలం వేగంగా తగ్గుతుంది. నేలమీద కూర్చుంటే చెయ్యి ఆనించకుండా లేవలేకపోవడం, బస్సు మెట్టు ఎక్కలేకపోవడం, గచ్చుమీద జారిపడితే తుంటి ఎముక విరగడం దీని ఫలితాలే. తొడ కండరాలు గట్టిగా ఉంటే మోకాలి కీలుమీద భారం తగ్గుతుంది. మోకాళ్ళు అరిగినవారికి కూడా వైద్యులు మొదట చెప్పే చికిత్సల్లో తొడలకు బలమిచ్చే వ్యాయామం ఒకటి. నొప్పి ఉందని కదలకుండా కూర్చుంటే కండ ఇంకా తరిగి, నొప్పి ఇంకా పెరుగుతుంది.

అంకెలు కూడా ఇదే చెబుతున్నాయి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవారిలో నూటికి 36 మంది ఉండవలసిన దానికంటే ఎక్కువ బరువున్నారు. అదే వయసువారిలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత ఉంది. అంటే ఒళ్ళు కనిపిస్తుంది గానీ ఒంట్లో సత్తువ లేదు. 2022 నాటికి మన దేశంలో పెద్దవారిలో చాలినంత శారీరక శ్రమ లేనివారు మగవారిలో నూటికి 42 మంది అయితే, ఆడవారిలో 57 మంది అని 2024లో వెలువడిన అంతర్జాతీయ పరిశీలన తేల్చింది. వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్ళు వేడెక్కే శ్రమ, దానితోపాటు రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. అంటే రోజుకు అరగంట చొప్పున వారానికి అయిదు రోజులన్నమాట.

నలుగురిలో చెప్పుకోని బాధ

ఆ బ్యాచ్‌లో ఎగిరే అడుగులు వచ్చినప్పుడల్లా ఇద్దరు ముగ్గురు పక్కకు తప్పుకునేవారు. అలసట వల్ల కాదు. కాన్పుల తర్వాత కొందరికి ఎగిరినా, దగ్గినా, తుమ్మినా, బరువెత్తినా మూత్రం చుక్కలుగా పడుతుంది. చాలామంది భర్తకు కూడా చెప్పరు. ఆడజన్మకు ఇది తప్పదనుకుని ప్రయాణాలు, పెళ్ళిళ్ళు మానుకునేవారున్నారు. ఆడవారు మాత్రమే ఉన్న చోటు కనుక ఒకామె మెల్లగా నోరు విప్పారు. వెంటనే మరో ఇద్దరు, "నాకూ అంతే అక్కా" అన్నారు. అప్పుడు శిక్షకురాలు ఎగిరే అడుగులకు బదులు నడిచే అడుగులు చూపించి, మరో వ్యాయామం చెప్పారు.

మూత్రాన్ని ఆపుకునేటప్పుడు బిగుసుకునే కండరాలను అయిదు లెక్కపెట్టే వరకు బిగించి ఉంచి, అంతసేపూ వదిలేయాలి. ఇలా పదిసార్లు, రోజుకు మూడు విడతలు. ఊపిరి బిగపట్టకూడదు. మూత్ర విసర్జన చేస్తున్నప్పుడు మాత్రం ఇది చేయకూడదు. కూర్చునీ, పడుకునీ, పప్పు ఏరుతూ కూడా చేసుకోవచ్చు. రెండు మూడు నెలలు విడవకుండా చేస్తే చాలామందికి గుణం కనిపిస్తుంది. తగ్గకపోయినా, గర్భసంచి జారినట్టు అనిపించినా ప్రభుత్వాసుపత్రిలో స్త్రీల డాక్టరుకు చూపించుకోవాలి. ఇది చికిత్స ఉన్న బాధే.

బరువులెత్తితే మగవారిలా అవుతారా?

ఈ భయం అమ్మాయిల తల్లులకు ఎక్కువ. జవాబు మన జిల్లాలోనే ఉంది. ఆమదాలవలస పక్కనున్న ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో ఒక పద్ధతిలో 110 కిలోలు, మరో పద్ధతిలో 130 కిలోలు, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం సాధించారు. ఒలింపిక్ పతకం తెచ్చిన మొట్టమొదటి భారతీయ మహిళ ఆమె. అంత బరువులెత్తిన ఆమె తర్వాత బిడ్డ తల్లి కూడా అయ్యారు. మగవారిలో కండలు పెంచే హార్మోను ఆడవారిలో చాలా తక్కువగా ఉంటుంది. రెండు కిలోల డంబెల్‌తో కండలు గుట్టలుగా పెరగవు. బిందె ఎత్తడానికి, మనవడిని చంకనేసుకోవడానికి కావలసిన బలం వస్తుంది.

ఖర్చు, జాగ్రత్తలు

జిమ్ము ఫీజు ఊరినిబట్టి, వసతులనుబట్టి ఉంటుంది. ఏడాదికి ఒకేసారి కడితే తగ్గిస్తామంటారు. మొదట ఒక నెలకే కట్టడం మంచిది. ఒకటి రెండు రోజులు ఉచితంగా చూడనిస్తారేమో అడగాలి. శిక్షకురాలు ఎక్కడ నేర్చుకున్నారో, కొత్తవారిని దగ్గరుండి సరిదిద్దుతున్నారో లేదో గమనించాలి. ప్రొటీను పొడులు, సన్నబడే టీలు, నడుముకు కట్టే పట్టీలు కొనమని ఒత్తిడి చేస్తే ఆలోచించాలి. పప్పు, గుడ్డు, పెరుగు, చేప, ఆకుకూర ఇంట్లో ఉండగా ఆ డబ్బాల అవసరం సాధారణంగా ఉండదు. పదిరోజుల్లో పది కిలోలు తగ్గిస్తామనే మాటలు నమ్మకూడదు. బరువు నెమ్మదిగా తగ్గుతుంది, ఒక్కోసారి తగ్గదు కూడా. అయినా ఆయాసం తగ్గడం, నిద్ర పట్టడం, చెయ్యి ఆనించకుండా లేవగలగడం లాభాలే.

సుగరుకు ఇన్సులిన్, మాత్రలు వాడేవారు ఖాళీ కడుపుతో చేయకూడదు. దగ్గర బెల్లంముక్కో, పంచదారో ఉంచుకోవాలి. బి.పి., గుండెజబ్బు ఉన్నవారు, గర్భిణులు, కొత్తగా కాన్పయినవారు డాక్టరును అడిగిన తర్వాతే మొదలుపెట్టాలి. కొద్దిపాటి శ్రమకే ఆయాసం వస్తే బద్ధకమని తిట్టుకోకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్ష చేయించుకోవాలి. ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగినా తక్షణం ఆపేయాలి.

ఊళ్ళోనే చేసుకోవచ్చు

రెండు వారాలు చూశాక తేలిందేమిటంటే, అక్కడ అసలు సరుకు యంత్రాలు కాదు. ఒక నియమిత వేళ, నేర్పే మనిషి, కలిసి చేసే నలుగురు. రెండు రోజులు రాకపోతే, "ఏమ్మా, ఒంట్లో బాగానే ఉందా? రాలేదేం?" అని ఫోను వస్తుంది. ఒక్కరే ఇంట్లో చేద్దామనుకుంటే పొయ్యిమీద కూరో, గుమ్మంలో చుట్టమో అడ్డొస్తుంది. నలుగురూ ఎదురుచూస్తున్నారంటే ఆడమనిషి తన గంటను తాను కాపాడుకుంటుంది. ఇంట్లోవారూ ఆ గంటకు విలువిస్తారు.

ఈ మూడూ పల్లెలో దొరకనివి కావు. ప్రతి ఊళ్ళో పొదుపు సంఘాలున్నాయి. పదిమంది కలిసి వారంవారం కూర్చుని డబ్బు లెక్క చూసుకోవడం వారికి అలవాటే. ఆ పదిమందే బడి వదిలాక బడి వరండాలోనో, సామాజిక భవనంలోనో, గుడి మండపంలోనో వారానికి అయిదు రోజులు అరగంట కలవవచ్చు. కోలాటం తెలిసినామె ముందు నిలబడి పదిహేను నిమిషాలు అడుగులు వేయించవచ్చు. ఆ తర్వాత రోజు విడిచి రోజు ఈ కింది అయిదూ చేస్తే చాలు:

కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం - 10 సార్లు.

గోడకు చేతులానించి దండీలు - 10 సార్లు.

గోడ పట్టుకుని మునివేళ్ళమీద లేచి దిగడం - 15 సార్లు.

లీటరు నీళ్ళ సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని భుజాల నుంచి తలపైకి ఎత్తడం - 10 సార్లు. లీటరు నీళ్ళంటే కిలో బరువే.

వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుము పైకెత్తి దించడం - 10 సార్లు.

వీటిని రెండు విడతలుగా చేయాలి. తేలిక అనిపిస్తే ఒక్కో వారం రెండేసి పెంచుకోవచ్చు. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు ఎత్తయిన కుర్చీతో మొదలుపెట్టాలి. పొలం పని జోరుగా ఉన్న రోజుల్లో బలం వ్యాయామాలు మాని, నడుము, మెడ సాగదీసేవి మాత్రం చేసుకోవాలి. అరసవల్లి సూర్యనారాయణస్వామి కొలువున్న జిల్లాలో సూర్యనమస్కారాలు తెలిసినవారికీ కొదవ లేదు, వారిచేత అవీ నేర్చుకోవచ్చు.

సంఘం తీర్మానం పుస్తకంలో అప్పులు, వాయిదాలతోపాటు ఈ అరగంట గురించి ఒక పంక్తి రాసుకుని, స్థలం కోసం పంచాయతీని, బడి హెడ్మాస్టరును అడిగితే కాదనేవారుండరు. ఆశా కార్యకర్తను పిలిచి చేరే ముందు అందరికీ బి.పి., సుగరు, రక్తం పరీక్షలు ఎక్కడ చేయించుకోవాలో తెలుసుకుంటే ఇంకా మంచిది. రెండు నెలల తర్వాత నేలమీద కూర్చుని చెయ్యి ఆనించకుండా ఎందరు లేవగలుగుతున్నారో లెక్కపెట్టి చూసుకోవచ్చు.